అచ్చుతప్పు

పళ్లమేస్త్రి లాంటి పనివాడు ఇంతకుముందు పుట్టలేదు, ఇకమీదట పుట్టబోడు. అతనికి మనిషిని చూపించనక్కర్లేదు. నోటి అచ్చు ఒక్కటి బల్ల మీద పెడితే చాలు, ఆ మనిషి ఏ పక్కన నములుతాడో, నిద్రలో పళ్లు కొరుకుతాడో లేదో, అత్తగారితో మాట్లాడుతున్నాడో మానేశాడో కూడా చెప్పేసేవాడు. ఒకసారి ఎవరిదో అచ్చును బొటనవేలితో తడిమి, "ఈయనకి రెండు పెళ్లిళ్లు," అన్నాడు. వాకబు చేస్తే నిజమే. రెండోది జరిగి మూడు వారాలే అయిందట, మొదటావిడకి ఇంకా తెలియదట. నలభై ఏళ్లలో వేల నోళ్లు అతని బల్ల మీదుగా వెళ్లాయి. ఒక్క నోటి దగ్గర కూడా పొరబడి ఎరగడు.

డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్లు చెయ్యడం అతని పని. ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో మైనం కరిగించే దీపం, పళ్లను నునుపు చేసే మోటారు, దుమ్ము ఊదే గాలిగొట్టం. గోడ పొడుగునా అరలు, అరల నిండా నంబర్లు రాసిన తెల్లటి ప్లాస్టరు అచ్చులు, ఎవరో మంచి జోకు చెప్తే ఊరంతా ఒకేసారి నోరు తెరిచినట్టు. వెనక గదిలో అతని భార్య కూర్చుని ప్రెస్సువాళ్లు పంపే ప్రూఫులు దిద్దుకునేది. "ఇంట్లో ఇద్దరం అచ్చుల మీదే బతుకుతున్నాం. పాపం హల్లులకే దిక్కు లేదు," అని వచ్చినవాళ్లతో అంటుండేది.

అరల ఎదుటి గోడకి ఒక్కటే బొమ్మ. చెమటలు కారుతున్న నలుగురు కుర్రాళ్లు, చేతుల్లో గిటార్లు, వెనక డ్రమ్ములు. ఆ రాక్ బ్యాండు పేరు కొలిమి. నడిమివాడు నోరు తెరిచి అరుస్తున్నాడు. అతని పైవరస ముందు పళ్లు రెంటికీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు. ఆ సందే వాళ్ల భాగ్యరేఖ. "స" అన్నప్పుడల్లా అందులోంచి రైలుకూత లాంటి ఈల దూసుకొచ్చేది. అందుకే అభిమానులు ఆయన్ని ఈలన్న అనేవాళ్లు.

ముప్పై ఏళ్ల కిందట వచ్చిన మొదటి క్యాసెట్టులో 'కూత' అని ఒక పాట ఉంది. "స్స్సంకెళ్లు తెంచెయ్, స్స్సందేహమొద్దు" అని ఆయన అరిస్తే వినేవాడి వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడేవి. వీపు మీద వెంట్రుకలు లేనివాడికి మొలిచేవి. ఆ ముక్క విని ఒకడు ఉద్యోగం మానేశాడు, ఒకావిడ మొగుణ్ణి మానేసింది. మోటార్లకి వైండింగు చేసే కరెంటాయన, పళ్లమేస్త్రికి ప్రాణస్నేహితుడు, ఆ ముక్కని ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. చెయ్యి సన్నం కావడం వల్ల 'సందేహమొద్దు'లో ఆఖరి అక్షరం మణికట్టు చుట్టూ తిరిగి అవతలికి పోయింది. కొలిమి సంఘంలో నలభైమంది ఉండేవాళ్లు. అందరూ పళ్ల సందు లేకపోయినా "స్స్సరే", "స్స్సాయంత్రం" అనే మాట్లాడుకునేవాళ్లు. ఎదుటివాళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ సంఘానికి పెద్ద పళ్లమేస్త్రి.

పందొమ్మిదేళ్లు నోరు మూసుకున్న కొలిమి మళ్లీ ఒక ఆల్బమ్ తెచ్చింది. పేరు 'నివురు'. వచ్చిన ఆదివారం పొద్దున్నే సంఘమంతా కరెంటాయన షాపులో చేరింది. రాగితీగ చుట్టల మధ్య, విప్పిన మోటార్ల మీద, ఎవరికి దొరికినచోట వాళ్లు కూర్చున్నారు.

మొదటి పాట అయ్యేసరికి ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. గిటారు నీళ్లు కలిపిన పాలలా ఉంది. డ్రమ్ముల ఆయన పక్కింట్లో ఎవరో పడుకున్నారన్నట్టు వాయించాడు. రెండు, మూడు, నాలుగు అలాగే గడిచాయి. ఐదోది పాత 'కూత'నే మళ్లీ పాడారు. నలభైమందీ ముందుకి వంగారు.

ఈల రాలేదు. నున్నటి గుండు మీద చెయ్యి జారినట్టు జారిపోయింది "స". ఈల తొలగిపోవడంతో ముప్పై ఏళ్లుగా దాని చాటున దాక్కున్న మాటలు బయటపడ్డాయి.

"సంచులు దించెయ్, సందేళయ్యింది."

కరెంటాయన లేచి ఆపేశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆపేశాడు.

"సంచులా?" అన్నాడు.

"సంచులే," అన్నాడు కండక్టరు. అతను సిటీబస్సు కండక్టరు, పళ్లమేస్త్రి బావమరిది. "రోజూ నేను అరిచేదే కదా. సంచులు దించండమ్మా, దారికి అడ్డం అని."

"నువ్వు కాసేపు నోరు మూసుకోరా," అన్నాడు కరెంటాయన.

"సంకెళ్లు మార్చేశారు," అని ఎవరో వెనక నుంచి గొణిగారు. "ముసలాళ్లయ్యాక భయమేసి మార్చేశారు."

పోస్టాఫీసు అక్క ముక్కు చీదింది. "నాకు ఏడుపొచ్చిందిరా. బాగుండీ కాదు, బాగోకా కాదు. వయసైపోయిందని మొహమ్మీదే చెప్పినట్టుంది."

"నీకు వయసైపోతే మాతో చెప్తావేంటక్కా," అన్నాడు కరెంటాయన. నవ్వెవరికీ రాలేదు.

"నాకైతే బాగుంది బావా," అన్నాడు కండక్టరు. "ఇన్నాళ్లకి ఆయనేమంటున్నాడో తెలిసింది."

"నువ్వు బాగుందన్నావంటే ఇంక అనుమానం లేదు, చెత్తే," అన్నాడు పళ్లమేస్త్రి. లోపల అతనికి రోత పుట్టింది. యవ్వనంలో ముద్దుపెట్టుకున్న మనిషి ఇప్పుడెదురై, పళ్లు కుట్టుకుంటూ కరెంటు బిల్లు గురించి మాట్లాడినట్టుంది. అందరూ తన తీర్పు కోసం చూస్తున్నారని తెలిసి గొంతు సవరించుకున్నాడు.

"నివురుగప్పిన నిప్పనుకున్నాం. కెలికితే అడుగంటా నివురే."

షాపంతా చప్పట్లు. ఆ ఊపులో అతను ఇంకో మాట కూడా అనేశాడు. "ఒకటి మాత్రం చెప్తా వినండి. అవి కట్టుడు పళ్లు. ఎవడో చేతకాని మేస్త్రి ఆ సందు పూడ్చేశాడు. వాడెవడో దొరికాడా, వాడి పళ్లు రాలగొట్టి, నేనే కొత్తవి కట్టించి, మళ్లీ రాలగొడతా."

"పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం," అన్నాడు కండక్టరు. అతన్ని బయటికి పంపేశారు.

అప్పుడే తీర్మానం కూడా అయిపోయింది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం పెద్ద హాల్లో కొలిమి ప్రదర్శన. ముందు రెండు వరసలూ సంఘానివే. అరవొద్దు, విసరొద్దు. ఆయన "సంచులు" అనగానే నలభైమందీ లేచి వెనక్కి తిరిగి వీపు చూపించాలి. ముందు పళ్లమేస్త్రి తిరగాలి, అతన్ని చూసి మిగతావాళ్లు.

మంగళవారం పళ్లమేస్త్రి అరలు దులుపుతున్నాడు. ఏడాది దాటిన అచ్చులు పారెయ్యడం అలవాటు. ఒక్కొక్కటీ తీసి, గాలిగొట్టంతో దుమ్ము ఊది, నంబరు చూసి పక్కన పెడుతున్నాడు. నాలుగు వందల పదిహేడో నంబరు చేతిలోకి తీసుకుని ఊదాడో లేదో, అచ్చు ఈల వేసింది.

గొట్టం చిల్లుపడిందనుకున్నాడు. ఆపాడు, చూశాడు, బాగానే ఉంది. మళ్లీ ఊదాడు. ప్లాస్టరు పళ్ల సందులోంచి గాలి "స్స్సం" అని, ముప్పై ఏళ్ల కిందటి ఆ శ్రుతిలోనే, గది నాలుగు మూలలా మోగింది. పళ్లమేస్త్రి అచ్చును పట్టుకుని తల తిప్పి గోడ మీది బొమ్మ చూశాడు. బొమ్మలో నోరు, చేతిలో నోరు. ఎడమ కోరపన్ను వంకర కూడా అదే.

మొదట్లో కోసిన కోతలు గుర్తున్నవాళ్లు ఇక్కడ దయుంచి మర్చిపోవాలి. అచ్చు చూసి జాతకం చెప్పే మనిషి, ముప్పై ఏళ్లు రోజూ ఎదుటి గోడ మీద చూస్తున్న నోటిని చేతిలో పట్టుకుని, తిరగేసి, పని చేసి, నంబరు వేసి అరలో పెట్టేశాడు. ఇక ఆ రెండు పెళ్లిళ్ల సంగతి. ఆ రెండో పెళ్లికి అతనే వెళ్లి విందు తినొచ్చాడు.

భార్యని పిలిచాడు. ఆవిడ ఎర్ర కలం చెవి మీద పెట్టుకుని వచ్చింది. సంగతి విని, మేకుకి గుచ్చిన పాత చీటీల్లోంచి నాలుగు వందల పదిహేడు లాగింది. డాక్టరు పంపే చీటీ మీద పళ్లమేస్త్రి చూసేవి రెండే, నంబరు, పళ్ల రంగు. ఆ కిందిదంతా ఈ అచ్చు పంపిన డాక్టరమ్మ రాత, చీమకి సిరా పూసి వదిలినట్టుంది.

ఆవిడ గడగడా చదివేసింది. "'పళ్లు తియ్యక ముందటి అచ్చు కూడా పంపుతున్నాను. ముందు పళ్ల సందు అలాగే ఉంచాలి. ఈయన పాడతారు.' కింద గీత కూడా గీసింది. ఒకటి కాదండీ, రెండు."

"ఆవిడ రాత ఎవడికర్థమౌతుంది?"

"నాకర్థమైందిగా. దీనికన్నా దరిద్రపు రాతలు దిద్దుతాను."

"సందు కనపడితే పూడ్చడం నా చేతికి అలవాటైపోయిందే."

"అలవాటు కాదు, దీన్ని అచ్చుతప్పు అంటారు. మా తప్పయితే ఎర్ర కలంతో పోతుంది. మీది పాటలోకెక్కి కూర్చుంది." ఆవిడ చీటీ బల్ల మీద పెట్టి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "వాడి పళ్లు రాలగొడతానన్నారటగా. మా తమ్ముడు చెప్పాడు. ఎప్పుడు మొదలుపెడతారు?"

పళ్లమేస్త్రి ఆ పూట అన్నం సగంలో లేచాడు. తన వేళ్లు చూసుకుంటే తనకే అసహ్యమేసింది. మర్నాటి నుంచి మూడు రోజులు వేరే పని ముట్టకుండా ఈలన్నకి కొత్త పళ్లసెట్టు చేశాడు, సందుతో. చెయ్యి సహకరించలేదు. మైనంలో ముందు పళ్లు రెండూ ఎడంగా పెట్టి, ఇలా తిరిగి అలా చూసేసరికి బొటనవేలు తనంతట తనే వాటిని దగ్గరికి తోసేసి ఉండేది. మూడుసార్లు అలాగే అయింది. చివరికి మధ్యలో నిజంగానే అగ్గిపుల్ల గుచ్చి పెట్టి పూర్తి చేశాడు.

శనివారం పొద్దున ఆ సెట్టు డబ్బాలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి తల దించుకుని తప్పు ఒప్పుకున్నాడు. ఆవిడ అతనికేసి విచిత్రంగా చూసింది.

"సందు ఉంచమన్నది నేను మేస్త్రిగారూ, ఆయన కాదు. కాలేజీ రోజుల్లో నేనూ కొలిమి మనిషినే. మీరు చేసిన పళ్లు చూసి తిరిగి పంపేద్దామనుకున్నాను. ఆయన అద్దంలో చూసుకుని, ఇవే కావాలి, ఇచ్చెయ్యమ్మా అన్నారు. చిగురు ఒరుసుకుంటోందని ఇప్పుడు వస్తున్నారు. మీరే అడగండి."

వచ్చిన మనిషి బొమ్మలోని మనిషి కాదు. మెడదాకా గుండీలు పెట్టుకున్న చొక్కా, చంకలో గొడుగు, చిన్న ముసలాయన. పళ్లు చేసింది ఇతనేనని డాక్టరమ్మ చెప్పగానే గొడుగు కింద పెట్టి రెండు చేతులతో పళ్లమేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వేనా నాయనా," అన్నాడు. ప్రతి అక్షరం తుడిచి పెట్టినట్టు పలుకుతున్నాడు. "మా నాన్న గోదాములో బస్తాలు మోసేవాడు. చీకటి పడేదాకా మోసి, ఇంటికి కూడా ఎవరివో సంచులు మోసుకొచ్చేవాడు. మా అమ్మ గుమ్మంలోంచి అరిచేది, సంచులు దించెయ్, సందేళయ్యింది అని. ఆయన దింపేవాడు కాదు. ఒకరోజు సంచులతోనే పడిపోయాడు. ఆ మాట మీద పాట కట్టాను."

"మేము సంకెళ్లు అనుకున్నామండీ."

"తెలుసు. మొదటిరోజే హాలంతా సంకెళ్లని అరిచారు. సర్లే, రేపు చెబుదాం అనుకున్నా. ముప్పై ఏళ్లు ఆ రేపు రాలేదు. నేను నోరు తెరిస్తే ఈల తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు. ఇప్పుడు నీ పుణ్యమా అని మా నాన్న సంచి దించాడు."

పళ్లమేస్త్రికి ఆల్బమ్ బాగుందని అబద్ధమాడడానికి నోరు రాలేదు, నిజం చెప్పి నొప్పించడానికీ రాలేదు. చివరికి రేపటి సంగతి చెప్పేశాడు. ఈల లేదని మావాళ్లు వీపులు చూపిస్తారనీ, అందుకే ఇది చేసి తెచ్చాననీ డబ్బా మూత తీశాడు.

ఈలన్న దానికేసి, బీరువా వెనక దొరికిన చచ్చిన బల్లికేసి చూసినట్టు చూశాడు.

"ఎంతమంది?"

"నలభై."

"ఎక్కడ కూర్చుంటారు?"

"ముందు రెండు వరసలండీ."

ఈలన్న డబ్బా మూత పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు మెట్ల దగ్గర పళ్లమేస్త్రి కరెంటాయన్ని పక్కకి లాగాడు. "ఒరే, సంచులేరా. పాతదాన్లోనూ సంచులే. ఆయనే చెప్పాడు, వాళ్ల నాన్న మోసినవట. ఇవాళ వద్దురా."

కరెంటాయన ముంజెయ్యి చూసుకున్నాడు. "అయితే నన్నిది నరుక్కోమంటావా?"

"ఇంకోటి. ఆ పళ్లు చేసింది నేనే."

కరెంటాయన పాసిపోయిన కూర గిన్నె మూత తీసినట్టు మొహం పెట్టాడు. "ముప్పై ఏళ్లు నీ పక్కన కూర్చున్నానురా," అన్నాడు. లోపలికెళ్లి, నలభైమందికీ చెప్పి, పళ్లమేస్త్రికీ తనకీ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. అటుపక్కవాళ్లూ అలాగే జరిగారు. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది కండక్టరు ఒక్కడే.

"నేను ఎటూ తిరగను బావా," అన్నాడు. "రోజంతా నిలబడే ఉద్యోగం. కుర్చీ దొరికితే లేవను."

'కూత' మొదలైంది. ఈలన్న మైకు దగ్గరికొచ్చి, కళ్లు మూసుకుని, "సంచులు దించెయ్," అన్నాడు. కరెంటాయన లేచాడు. పళ్లమేస్త్రి లేవలేదు. మిగిలినవాళ్లంతా లేచి, కుర్చీలు కిర్రుమంటుంటే, వెనక్కి తిరిగారు.

ఈలన్న కళ్లు తెరిచాడు. ఎదురుగా వరసగా వీపులు. గిటారాయన ఆపబోతే వద్దని చెయ్యి ఊపి, తనూ వెనక్కి తిరిగాడు. కాసేపు హాల్లో వీపుకి వీపు నిలబడింది. ఈలన్న చెయ్యి నోటి దగ్గరికి, జేబులోకి, మళ్లీ నోటి దగ్గరికి వెళ్లడం పళ్లమేస్త్రి చూశాడు.

"స్స్సం" అని మొదలై, ఆ ఈల పైకప్పుకి తగిలి తిరిగొచ్చింది.

వీపులన్నీ గిర్రున తిరిగాయి. పోస్టాఫీసు అక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏడ్చింది. కరెంటాయన పచ్చబొట్టు చెయ్యి గాల్లోకి ఎత్తి "స్స్సంకెళ్లు తెంచెయ్" అని గొంతు చించుకున్నాడు. హాలంతా సంకెళ్లే. కొత్త సెట్టు చిగురుకి ఇంకా కుదురుకోలేదు. పాడుతున్నవాడి పెదవుల చివర ఉమ్మి చేరింది, ప్రతి "స"కీ మొహం కక్కిన కూడు మళ్లీ మింగుతున్నట్టు ముడుచుకుంది. అది కనపడేంత దగ్గర్లో ఉన్నవాళ్లు నలభైమంది. చూసింది ఇద్దరు.

"దింపినవాటిని మళ్లీ ఎత్తించారు బావా," అన్నాడు కండక్టరు.

పళ్లమేస్త్రి లేచి, నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"ఒరే, తిరగాల్సింది ఇందాకరా," అన్నాడు కరెంటాయన, కళ్లు తుడుచుకుంటూ. కోపం కూడా పోయింది అతనికి. "ఇప్పుడు బాగానే పాడుతున్నాడుగా. ఈ కొత్త పళ్లు కూడా నువ్వే చేశావా? ముందే చెప్పొచ్చుగా."

పళ్లమేస్త్రి ఇటు తిరగలేదు. వెనక ఈల. ఎదుట హాలు నిండా తెరిచిన నోళ్లు, అచ్చం తన అరల్లో ఉన్నట్టే. ఏ ఒక్క దాని మీదా నంబరు లేదు, అయినా ప్రతి నోరూ ఏమిటో ఇప్పుడతనికి బాగా తెలిసింది.

ఇందులో ఒక ముక్క కల్పితం ఉంది. ప్లాస్టరు అచ్చు ఈల వెయ్యదు. ఎంత గాలి కొట్టినా దుమ్మే లేస్తుంది. జరిగిందేమంటే, ఆ మంగళవారం ప్రెస్సు నుంచి ప్రూఫులు రాలేదు. తప్పులు పట్టందే పొద్దు గడవని మేస్త్రి భార్య, మేకుకి గుచ్చిన చీటీలు తీసి ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంటే నాలుగు వందల పదిహేడు తగిలింది. అలా చెప్తే మనిషి మరీ చులకనైపోతాడని ఈల తగిలించాను. ఈలన్న పళ్లు మార్చుకోవడం మాత్రం నా కల్పన కాదు. అదే నా చేతిలో ఉంటే, మార్చుకోకుండానే పాడించేవాణ్ని.